సినిమాకు పోయిన కుర్చీ

మా ఇంట్లోంచి సినిమాకు మనుషుల కంటే ముందు కుర్చీలు పోయేవి. పొద్దు వాలుతుండగా మా జీతగాడు రెండు టేకు కుర్చీలు, ఒకటి నెత్తిన, ఒకటి భుజాన పెట్టుకుని టూరింగ్ టాకీసు డేరాకు వెళ్ళేవాడు. ఆడవాళ్ళ వైపు, అందరికీ వెనకగా వేసి వచ్చేవాడు. ఆ తర్వాతే అమ్మా నేనూ బయలుదేరేవాళ్ళం. డేరావాళ్ళకు బెంచీలుండేవి, మడత కుర్చీలూ ఉండేవి. వాటిలో మేము కూర్చోము. ఎందుకు కూర్చోరని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

రాయచోటికి పోయే దారిలో మా ఊరు. కరువు ఏళ్ళలో చేలు ఒకటొకటిగా చేయి దాటాయి. చివరికి కళ్ళం కూడా ఊళ్ళో అంగడి పెట్టుకున్న శెట్టి చేతికి పోయింది. తరాలుగా మా జొన్నలూ కొర్రలూ రాశులు పడిన ఆ కళ్ళంలోనే ఇప్పుడు ఏడాదికోసారి డేరా వేసేవారు. దాన్ని అమ్మిన నాటి నుంచి నాయన అందులో కాలు పెట్టలేదు. మిగిలిన ఒక్క చేనికి పోవాలన్నా ఊరంతా చుట్టి పోయేవాడు. మేము చితికిపోయామని అందరూ అనుకునేవారు. మా ఇంట్లో మాత్రం ఆ మాట ఎవరి నోటా రాలేదు.

మా ఇంటి ప్రహరీ గోడ వీధి వైపు సగం పడిపోయింది. మళ్ళీ కట్టించలేదు. గోడ ఎత్తుగా ఉన్న రోజుల్లో మా ఇంటి ఆడవాళ్ళ నవ్వూ ఏడుపూ లోపలే ఉండేవి. గోడ కూలిన రోజు నాయన దాన్ని చూసి ఒక్క మాట అన్నాడు: "ఇంగ గొంతులు తగ్గించుకోండి."

తగ్గించుకున్నాం.

నాకు అప్పుడు కథల పిచ్చి. కడపలో ఉండే మేనమామ పాత వారపత్రికలు కట్టలు కట్టి పంపేవాడు. మధ్యాహ్నాలు అమ్మ చేటతో కొర్రలు చెరుగుతుంటే నేను పక్కన కూర్చుని చదివి వినిపించేదాన్ని. వసారాలో పడుకున్న నాయన అక్కడి నుంచే అనేవాడు: "పుట్టనే పుట్టనోళ్ళు సచ్చిపోయినారంట, దానికి వీళ్ళు కండ్లనీళ్ళు పెట్టుకుంటారంట! అబద్ధాలు."

అమ్మ ఎన్నడూ కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. చేట ఆపి అడిగేది: "ఇది జరిగిందా? రాసినాయన చూసినాడా?"

"లేదమ్మా, ఊహించి రాసినాడు."

"చూసినట్లే ఉండాదే," అని మళ్ళీ చేట ఆడించేది.

మా అక్కను రాజంపేట వైపు ఇచ్చారు. పెళ్ళప్పుడు మర్యాదల దగ్గర రెండు ఇళ్ళకూ మాట పట్టింపు వచ్చింది. అప్పటి నుంచి రాకపోకలు పలచబడ్డాయి. అక్క మొదటి కాన్పులో పోయింది. బిడ్డ కూడా దక్కలేదు. ఆ కబురు మాకు తెచ్చింది సరుకు బండి తోలేవాడు. తెల్లవారుతుండగా ఎద్దులను వీధిలోనే నిలిపి, పడిపోయిన గోడ అవతల నుంచి చెప్పాడు.

"మీ పెద్దపాప పోయిందంట సామీ. తొందరగా రమ్మన్నారు."

నాయన వాణ్ణి చూశాడు. "మా బిడ్డ పోయిందని చెప్పడానికి వాళ్ళింట్లో మగమనిషి లేడా?" అన్నాడు. బండివాడు ఎద్దులను అదిలించుకుని పోయాడు.

మా ఇళ్ళలో చావు కబురుకు ఒక పద్ధతి ఉంది. ఆ ఇంటి మనిషే రావాలి. గడప దగ్గర నిలబడి చెప్పాలి. అట్లా రాని కబురు కబురు కాదు. ఇంటి మనిషి వస్తాడేమోనని ఆ రోజంతా నాయన వసారాలో కూర్చున్నాడు. మనిషి రాలేదు. మేము పోలేదు. అమ్మ పొద్దుననే చీర మార్చుకుని, తల దువ్వుకుని, వంటింటి గడప మీద కూర్చుంది. పొద్దు గూకే దాకా అట్లాగే ఉంది. ఏడవలేదు. గోడ లేదు కదా.

అక్కను సాయంత్రం దాకా ఎత్తకుండా మా కోసం పెట్టుకున్నారని, ఆ ఇంటి మగవాళ్ళలో డాక్టరు కోసం పోయినవాడు ఇంకా తిరిగి రాక, ఇంకొకరు కట్టెల కోసం పోయి ఉంటే ఎదురుపడ్డ బండివాడితో కబురంపారని చాలా రోజులకు తెలిసింది. నాయన చేసింది తప్పని నేను ఇన్నేళ్ళలో ఎవరి ముందూ అనలేదు. ఇక్కడా అనను. ఆయన మెడ వంచడం నేర్చుకోని ఇంట్లో పుట్టాడు. నేనూ ఆ ఇంట్లోనే పుట్టాను.

ఆ తర్వాతి ఎండాకాలం డేరా వచ్చింది. ఆ సినిమా పేరు రాయను. గొప్ప సినిమా కాదు. అందులో ఒక పిల్ల ఉంటుంది. మొదట బావి దగ్గర నీళ్ళు చేదుతూ నవ్వుతూ కనిపిస్తుంది. పెళ్ళవుతుంది, అత్తగారింటికి పోతుంది, మంచాన పడుతుంది. గొర్రెలు కాసుకునేవాడొకడు వచ్చి పుట్టింట్లో చెబుతాడు. తల్లి చేతిలో పిండి చేతిలోనే ఉండగా పరిగెత్తుతుంది. పిల్ల తల ఒళ్ళో పెట్టుకుంటుంది. "వస్తివా అమ్మా," అని పిల్ల కన్ను మూస్తుంది.

డేరాలో మిషను ఒక్కటే. రీలు అయిపోగానే దీపాలు వేసి, ఇంకో రీలు ఎక్కించేవారు. పిల్ల చనిపోవడంతో ఒక రీలు అయిపోయింది. దీపాలు వెలిగాయి. నేల మీద కూర్చున్న ఆడవాళ్ళంతా ముక్కులు చీదుకుంటూ, ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి మా కుర్చీల వైపు చూశారు. మా అక్క సంగతి ఊరందరికీ తెలుసు. అమ్మ వీపు కుర్చీకి ఆనలేదు. కళ్ళు పొడిగా ఉన్నాయి. కుర్చీలో కూర్చున్న మనిషి అందరికీ కనపడుతుంది. కుర్చీ వేసేది అందుకే.

మరుసటి రోజు జీతగాడు కుర్చీ ఎత్తబోతే అమ్మ వద్దన్నది.

"మరి యాడ కూచ్చుంటావమ్మా?"

"అందరూ కూచ్చునే కాడ."

అమ్మ నేల మీదికి రావడం చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. ఆకుకూరలమ్మే ఆమె ఒకతె, నోరు పెద్దది, ఉండబట్టలేకపోయింది.

"ఏం రెడ్డెమ్మా, కుర్చీకి కాళ్ళు ఇరిగినాయా?"

"కుర్చీకేం, బాగనే ఉండాది," అన్నది అమ్మ. "మా కళ్ళంలో నేను యాడన్నా కూచ్చుంటా."

అందరూ ఘొల్లున నవ్వారు. "జరగండి మే, కళ్ళం గలామె వచ్చింది," అని ఆకుకూరలామె తన గోనెపట్ట మా వైపు జరిపింది. ఎవరో అమ్మ చేతిలో గుప్పెడు బొరుగులు పోశారు. నేను నేల మీద కూడా నిటారుగానే కూర్చున్నాను.

ఆ రీలు వచ్చింది. తల్లి పరిగెత్తింది. డేరా నిండా ఏడుపులు లేచాయి. వాటి మధ్య నుంచి మరొక గొంతు, మొదట సన్నగా, తర్వాత అన్నింటినీ తోసుకుంటూ లేచింది. అది అమ్మదని తెలియడానికి నాకు కాస్త సమయం పట్టింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. దీపాలు వేశారు. అందరూ ఆపారు. అమ్మ ఆపలేకపోయింది.

ఆకుకూరలామె అమ్మ వీపు మీద చెయ్యేసింది. "ఊరుకో రెడ్డెమ్మా. ఆ పిల్ల యాడికీ పోలేదు. రేపు మళ్ళీ ఇదే యాళకు లేచొచ్చి నీళ్ళు చేదుతాంటాది సూడు."

ఏడుస్తూనే అమ్మ నవ్వింది. అక్క పోయాక నవ్వడం అదే మొదలు.

ఆపైన రోజూ పోయాం. ఆకుకూరలామె వేళాకోళానికి అన్న మాటను అమ్మ నిజంగానే పట్టుకుంది. చీకటి పడకముందే తొందర పెట్టేది. ఆలస్యమైతే ఆ పిల్ల బావి దగ్గర నవ్వే ముక్క తప్పిపోతుందని భయం. తెర మీద ఉన్నది నీడలని అమ్మకు తెలియక కాదు. సినిమాలో చావు చూసినా మైలపడ్డామని ఇంటికొచ్చి తలస్నానం చేసే ముసలమ్మలు ఆ ఊళ్ళో ఉన్నారు. అమ్మ అట్లాంటిది కాదు. తన బిడ్డకు ఏడవడానికి ఆమెకు చోటు లేదు. వేరొకరి బిడ్డకు ఏడ్చే చోటు దొరికింది. అంతే. కథలు అబద్ధాలా, నిజాలా అని తర్వాత చాలామంది చదువుకున్నవాళ్ళు వాదించుకోవడం విన్నాను. నేను ఎటు వైపూ మాట్లాడలేదు.

ఒక సాయంత్రం శెట్టి మా వసారా ముందు ఆగాడు. చెడ్డ మనిషి కాదు.

"ఏం రెడ్డిగారూ, అమ్మగారు రోజూ నేల మీద కూచ్చుంటాండారంట. నాకే బాగలేదు. డేరావాళ్ళకు చెప్పి ముందర ఒక కుర్చీ ఏయిస్తాలే."

"మా కుర్చీలు మాకుండాయప్పా," అన్నాడు నాయన.

సంగటి ముద్ద ముందు కూర్చున్నాక అమ్మను అడిగాడు. "నేల మీద కూచ్చుని ఏడుస్తాండావంట. ఎవురి కోసం?"

"సినిమాలో పిల్ల కోసం."

"ఎవురో ఏసం కట్టి సచ్చినట్లు పడుకుంటే, నువ్వు మన ఇంటి పరువు తీసకపోయి కళ్ళంలో పరుస్తావా?"

అమ్మ ఊరుబిండి పచ్చడి వడ్డించి, చెయ్యి కడుక్కుంది. "ఆ సినిమాలో కబురు తెచ్చేది గొర్లు కాసేవాడు," అన్నది.

నాయన తినడం ఆపాడు.

"ఎవురు తెచ్చినారని ఆయమ్మ అడగలేదు. పరిగెత్తింది."

నాయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ముద్ద విస్తట్లో అట్లాగే ఉంది.

మరుసటి రోజు ఆఖరి ఆట. డేరా రాజంపేటకు పోతుందన్నారు. అమ్మా నేనూ బయలుదేరుతుంటే నాయన వసారాలోని టేకు కుర్చీని భుజానికెత్తుకున్నాడు. జీతగాడు పరిగెత్తుకొచ్చాడు.

"ఇట్లీ సామీ, నేను తెస్తా."

"నువ్వుండు."

మేము ముందు, ఆయన వెనక. కళ్ళం గట్టు దగ్గర ఆయన అడుగుల చప్పుడు ఆగింది. మేము తిరిగి చూడలేదు. మళ్ళీ వినిపించింది. ఆడవాళ్ళు లోపలికి పోయే దారి దగ్గర కుర్చీ దించాడు. అక్కడున్నవాళ్ళంతా పక్కకు తప్పుకున్నారు.

అమ్మ కుర్చీని చూసింది. "నేను లోపల కిందనే కూచ్చుంటా," అన్నది.

నాయన తల ఊపాడు. మేము లోపలికి పోయాం. డేరా గుడ్డ సందులోంచి చూస్తే, ఆయన ఆ కుర్చీలో తనే కూర్చుని ఉన్నాడు. చేతులు మోకాళ్ళ మీద, మొహం దారి వైపు. తెర కనపడదు. మైకులోంచి మాటలు వినపడతాయి. ఆ రీలు వచ్చినప్పుడు అమ్మ ఏడ్చింది. ఆకుకూరలామె ఏడ్చింది. ఆ రోజు నేనూ ఏడ్చాను. గుడ్డ అవతల ఆయన ఉన్నాడని తెలిసి కూడా.

ఆట విడిచాక ఆయన కుర్చీ ఎత్తుకున్నాడు. గట్టు దాటాం. తర్వాత ఆయనే అడిగాడు.

"మీ ఏడుపుల్లో మాటలు సరిగా ఇనపడలేదు. పోయేముందు ఏమనింది ఆ పిల్ల?"

"'వస్తివా అమ్మా' అనింది."

కొంత దూరం నడిచాడు. "నాయన యాడ అని అడగలేదా?"

ఆ సినిమాలో పిల్లకు తండ్రి లేడు. కథ మొదలు కాకముందే పోయాడని ఒక్క మాటతో తేల్చేస్తారు. నేను అమ్మ మొహం చూశాను. చీకట్లో ఏమీ కనపడలేదు. మా అమ్మ అబద్ధమాడగా నేను అంతకుముందు వినలేదు.

"అడిగింది," అన్నది అమ్మ. "'నాయన వస్తాండాడా' అని అడిగింది. 'దారిలో ఉండాడు తల్లీ, వస్తాండాడు' అని చెప్పింది ఆయమ్మ."

నాయన ఆగాడు. కుర్చీని ఒక భుజం మీద నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. మార్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

రెండేళ్ళకు, నాయన్ని ఆసుపత్రిలో చూపించడానికి కడపలో మేనమామ ఇంట్లో ఉన్నప్పుడు, అదే సినిమా అక్కడి హాలుకు మళ్ళీ వచ్చింది. మేనమామ అందరినీ తీసుకుపోతానన్నాడు. అమ్మ చేతిలో పని ఆగింది. నాయన రాకుండా ఆపడానికి నేను ఏదో ఒక సాకు వెతుకుతున్నాను.

"మీరు పోండి," అన్నాడు నాయన, మంచం మీద గోడ వైపు తిరుగుతూ. "నేను ఇన్నాలే ఆ సినిమా."