వంకర పళ్ల చక్రం

తెనాలిలో లేతు షెడ్డు నడిపే గులాం మొహిద్దీన్‌కి అనుమానం పుట్టుకతో వచ్చిన జబ్బు. అమృతలూరు నుంచి రైసుమిల్లు పళ్లచక్రం రిపేరుకొస్తే, విరిగిందా, విరగ్గొట్టారా అని ముందు ఆరా తీస్తాడు. టీకొట్టు బర్నబాస్ పంచదార వేశానన్నా గ్లాసు అడుగు చూసిగానీ నమ్మడు. అయితే ఒకటి, కొలత తప్పిన సామాను ఇంతవరకూ ఆ షెడ్డు గడప దాటలేదు.

ఆయన మేనకోడలు తబస్సుమ్ బాపట్ల కాలేజీలో ఫిజిక్సు చదువుతోంది. బుధవారం సార్ల ముందు ప్రయోగం ఆడితేనే రీసెర్చి సీటు. చక్రం బొమ్మ గీసి పట్టుకొచ్చింది.

"మామూ, నీటిచుక్కలో బాక్టీరియా ఇష్టమొచ్చినట్టు ఈదుతుంటాయి. కంటికానని చక్రం వేస్తే అవే దాన్ని ఒకే వైపు తిప్పుతాయి. నేనది పెద్దగా చేసి చూపించాలి. ఈ బొమ్మ ప్రకారం ప్లాస్టిక్ షీటులో కోసిపెట్టు."

"తాగుబోతులు తలో వైపూ తోస్తే ఆటో రేపల్లె చేరుతుందంటే నమ్మమంటావా?"

"పళ్ల వాలు కుదిరితే చేరుతుంది!"

పిల్ల వెళ్లాక బొమ్మ చూశాడు. ప్రతి పన్నూ ఒకవైపు ఏటవాలు, రెండోవైపు నిటారు. తొందరలో తప్పు గీసిందనుకున్నాడు. నలుగురిలో నవ్వులపాలవుతుందని, చెప్పకుండా రెండు వైపులా సమానంగా దిద్ది కోశాడు.

బుధవారం చక్రాన్ని గుడ్డలో చుట్టి తనే మోసుకెళ్లాడు. తబస్సుమ్ అందుకుని, చూడకుండానే పళ్లెం మధ్య మేకుకి తగిలించింది. బాక్టీరియాకి బదులుగా చుట్టూ వణికే మోటారు బొమ్మలు ఇరవై వదిలింది. అవి గిరగిరా తిరిగి చక్రాన్ని గుద్దాయి. చక్రం ఇటు కదిలింది, అటు కదిలింది, నిలబడిపోయింది.

అదే సీటుకి పోటీకొచ్చిన పక్కబల్ల కుర్రాడు విష్ణువర్ధన్‌ని మొహిద్దీన్ అనుమానంగా చూశాడు. అయస్కాంతం పెట్టాడేమోనని బల్లకింద తడిమాడు. అప్పటికి తబస్సుమ్ చక్రం తీసి పళ్లమీద వేలు నడిపింది.

"మామూ, పళ్లు దిద్దావా?"

"తప్పు గీశావనుకున్నానమ్మా."

"రెండువైపులా ఒకేలా ఉంటే తోపుకి తోపు చెల్లు. బొమ్మలు ఏటవాలు మీద జారిపోయి, నిటారు మూలలో ఇరుక్కుంటేనే ఒకే వైపు నెడతాయి."

"పది నిమిషాలివ్వండి సార్," అంటూ మొహిద్దీన్ జేబులోంచి ఆకురాయి తీశాడు. ఒక్కో పన్నునీ ఒకవైపు నిటారుగా అరగదీశాడు. ఈసారి చక్రం నెమ్మదిగా కదిలి, ఒకే వైపు తిరుగుతూ పోయింది.

"సీటు నీదేనమ్మా. కానీ ఇందాక పళ్లు చూసుకోకుండా ఎందుకు పెట్టావు?" అడిగారు బసవేశ్వరరావు సారు.

"మా మామూ చేతిపని సార్," అంది తబస్సుమ్. "చూడాలని తోచలేదండి."

మొహిద్దీన్ తలెత్తలేకపోయాడు.