అంగారకుడి మీద గొర్రెల మంద

పొద్దున పోస్టులో వచ్చిన పత్రిక కవరు చింపగానే పచ్చి సిరా వాసన గుప్పుమన్నది. ఆ వాసన ఎవరికైనా హాయిగా ఉంటుందేమో, నాకు మాత్రం కడుపు మండుతుంది. సత్తయ్య గుర్తొస్తాడు.

రామన్నపేటలో నాది దర్జీ దుకాణం. బడి మొహం చూసినవాణ్ని కాదు. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు, పాత పత్రికలు చదివి మాటలు నేర్చుకున్నాను. గ్రహాలు, మాయలు, యంత్రమనుషుల కథలే వేసే ఈ చిన్న పత్రికకు తెలంగాణ వచ్చిన ఏడాది నుంచి చందాదారుణ్ని. నా కథ ఒక్కటైనా అందులో చూసుకోవాలని ఆశ. ఎన్ని పంపినా పడలేదు.

సత్తయ్యది మా పక్కిల్లు. బస్సు కండక్టరుగా రిటైరై, తండ్రి వదిలిన గొర్రెలు చూసుకునేవాడు. మధ్యాహ్నం నా దుకాణం బల్ల మీద కూర్చుని, నా చందాతో వచ్చిన పత్రికను నాకన్నా ముందు చదివేవాడు. బావా అంటే బావా అనుకునేవాళ్లం. ఒకరోజు నేను రాసిన కథ చదివి వినిపించాను. దూరపు గ్రహం, వజ్రాల కోటలు, చక్రవర్తి. అంతా విని బీడీ ఆర్పాడు.

"బావా, గా గ్రహం మీద నీళ్లు యాడ తాగుతరు?"

"చక్రవర్తికి నీళ్ల ఫికరేంది?"

"ఆయనకు లేకుంటె పాయె. ఆయన గుర్రానికి?"

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు నవ్వారు. వారం దాకా నేనతనితో మాట్లాడలేదు.

ఆ మనిషి అక్కడితో ఊరుకోలేదు, తానే కథ రాశాడు. టికెట్లు చింపిన చేతికి కథలెందుకు? పంపిన మొదటి కథే అచ్చయింది. అంగారకుడి మీద సేద్యానికి పోయినవాళ్లకు గింజ మొలవదు. మా వైపు నుంచి గొర్ల కాపరిని పిలిపిస్తారు. ఎరువు కోసం చేన్లో రాత్రిళ్లు గొర్రెల్ని ఆపి, కాపరికి గింజలు కొలవడం మా దగ్గర మామూలే. ఆ కాపరి అక్కడి మట్టి వాసన చూసి, "మంద ఎన్ని రాత్రులు పెట్టాలె?" అని అడుగుతాడు. అంతే కథ. తప్పులు వెతకడానికే మళ్లీ చదివాను. ఒక్కటీ దొరకలేదు. అదీ నా మంట.

"ఎట్లున్నది బావా?"

"గొర్లు గంత దూరం ఎట్ల పోయినయ్?"

"బస్సుల. టికెట్ నేనే కొట్టిన." బీడీ ముట్టిస్తూ అన్నాడు: "నీది గూడ పడనియ్యి. నేను గూడ జర కుళ్లుకుంట."

పోయినేడు గుండె ఆగి సత్తయ్య పోయాడు.

ఈరోజు వచ్చిన పత్రికలో నా కథ ఉంది. చంద్రుడి మీద ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఆడవాళ్లతో మొదలవుతుంది. ఇప్పుడు ఏ లోకం రాయాలన్నా ముందు అక్కడి నీళ్లు వెతుక్కుంటాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు, అతనికి తట్టింది. ఆ మంట చల్లారదు. పత్రికను అతను కూర్చునే బల్ల మీద పెట్టాను. సాయంత్రం దాకా ఎవరూ ముట్టలేదు. కుళ్లుకుంటానని మాటిచ్చిన మనిషి, మాట తప్పి పోయాడు.