వాసన లేని గాలి

ఖాట్మండు పోయొచ్చినవట కదా, ఏం చూసినవని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతరు. గుడి చూసిన, కొండలు చూసిన అని చెప్తా. నిజానికి అక్కడ నేను చూసిందంతా, ఒక దోస్తు ఊపిరి తీసుకుంటున్నదా లేదా అన్నదే. ఇప్పుడు మా పాప పడుకున్నది. వాళ్ళ నాన్నకు నైట్ షిఫ్ట్. ఒళ్ళంతా నొప్పులున్నా నిద్ర మాత్రం రావట్లేదు, అందుకే రాస్తున్న.

ఫార్మసీ ఆఖరి సంవత్సరం చలికాలంలో ముగ్గురం ఆడపిల్లలం బయల్దేరినం. ఒకామెది సంగారెడ్డి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ కాబట్టి దారి పొడుగునా మాట్లాడే పని ఆమెదే. ఇంకొకామెది జిన్నారం పక్క ఊరు. గోరఖ్‌పూర్ దాకా రైల్లో కూర్చొని కూర్చొని కాళ్ళు వాచినయి. అక్కడి నుంచి బస్సు. సరిహద్దు నడిచి దాటి మళ్ళీ బస్సు. కొండ ఎక్కినకొద్దీ జిన్నారం అమ్మాయికి ఒకటే వాంతులు.

"జెర ఓర్చుకోవే, చూసేటోళ్ళు ఏమనుకుంటరు? పెండ్లి కూడా కాలే నీకు," అన్నది సంగారెడ్డామె.

"నీ నోరు పడిపోను," అని మళ్ళీ కిటికీలోంచి తల బయట పెట్టింది ఆమె.

ఖాట్మండులో మేము దిగిన లాడ్జి ఒక ఇరుకు గల్లీలో ఉన్నది. దాన్ని నడిపే దీదీ స్నానాల గది చూపించింది. గోడకు గ్యాస్ గీజరు, పైన చిన్న కిటికీ. స్నానం చేస్తున్నంతసేపు కిటికీ తెరిచే ఉంచాలె, ఎంత చలి పెట్టినా సరే అని హిందీలో చెప్పింది. సంగారెడ్డామె మాకు తెలుగులో మళ్ళీ చెప్పింది. ముగ్గురం తల ఊపినం.

సాయంత్రం గల్లీలో ఎవరో చెత్త కాల్చినరు. ఆ కంపు పైదాకా వచ్చింది. అప్పుడే జిన్నారం అమ్మాయి స్నానానికి పోయింది. వాళ్ళ ఊర్లో పొద్దుగూకంగనే మందుల కంపెనీల వాసన లేస్తది. లేవంగనే కిటికీలన్నీ మూస్తరు, తలుపు కింద సందులో తడిబట్ట కుక్కుతరు. ఎవరూ చెప్పాల్సిన పని లేదు, చిన్న పిల్లలు కూడా చేస్తరు. ఆమె చెయ్యి కూడా అట్లనే చేసింది. లోపలికి పోయి కిటికీ మూసి, గడియ పెట్టి, తువ్వాలు తడిపి తలుపు కింద కుక్కింది.

నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు.

"ఓ మేడమ్, పెండ్లికూతురు లెక్క తయారైతున్నవా? మాకు కూడా జెర నీళ్ళు ఉంచు!" అని సంగారెడ్డామె తలుపు కొట్టింది. జవాబు లేదు. రెండోసారి కొట్టేటప్పటికి ఆమె గొంతు మారిపోయింది.

దీదీ, ఆమె తమ్ముడు కలిసి తలుపు నెట్టినరు. గడియ ఊడింది. తమ్ముడు మొహం తిప్పుకొని పక్కకు జరిగిండు. దీదీ గీజరు ఆపి, గోడకు ఒరిగి ఉన్న పిల్లకు రగ్గు చుట్టింది. దీదీ, మేమిద్దరం పట్టుకొని వాకిట్లోకి తెచ్చినం. నేను ముక్కు కింద చెయ్యి పెట్టిన. బయట చలిగాలి కొడుతున్నది. తగిలేది ఆమె ఊపిరో, ఆ గాలో తెలియలేదు.

టాక్సీలో దవాఖానకు తీసుకుపోయినం. ఆక్సిజన్ మాస్క్ పెట్టినరు. ఏం చదువుతున్నరని డాక్టరు అడిగిండు. ఫార్మసీ అని చెప్పినం. మూసిన గదిలో గీజరు వదిలిన కార్బన్ మోనాక్సైడ్ అని చీటీ మీద రాసి మా చేతికి ఇచ్చిండు.

ఆ విషవాయువుకు రంగు ఉండదు, వాసన ఉండదు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే ముగ్గురం. కానీ మా దిక్కు చెడుగాలి అంటే ముక్కు పగిలేటట్టు వచ్చేదే. వాసన పోయిందంటే ఇగ భయం లేదనే లెక్క. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నది అదే. పుస్తకంలోది నోటికి వచ్చింది గానీ చేతికి రాలేదు.

చాలాసేపటికి ఆమె కండ్లు తెరిచి, మాస్క్ పక్కకు లాగింది.

"ఏందే గట్ల చూస్తున్నరు? మొహం మీద సబ్బు ఎండిపోయి గుంజుతున్నది, జెర తుడవరాదు."

అప్పటిదాకా ఏడవని సంగారెడ్డామె ఒక్కసారి భోరుమన్నది. "పాగల్‌దానా! చచ్చిపోయినవనుకున్నమే!" అని తిడుతూనే తన చున్నీతో మొహం తుడిచింది.

మిగిలిన రోజులు లాడ్జి గదిలోనే గడిచినయి. తలనొప్పితో ఆమె పడుకునే ఉండేది. మీరన్న పోయి చూసి రాండి అని పోరు పెట్టింది. పోలేదు. మేమిద్దరం వంతులవారీగా మేల్కొని, ఆమె మీది దుప్పటి లేస్తున్నదా లేదా అని చూస్తూ కూర్చున్నం.

"అసలు వాసనే రాలేదే. వస్తే నాకు తెల్వదా?" అన్నది ఒకసారి. నాకు ఆ మాటే ఎక్కువ భయం పెట్టింది.

ఆమె ఇప్పుడు బాగానే ఉన్నది. పటాన్‌చెరులో ఒక కంపెనీ ల్యాబులో పని. ఆ కాపలా మాత్రం నాకు మిగిలిపోయింది. పాపకు దగ్గు లేదు, జలుబు లేదు. గదిలో ఏ వాసనా లేదు. అయినా లేచి లేచి ముక్కు కింద చెయ్యి పెడుతుంటా. నా వేళ్ళు చల్లగా తగిలి లేచి ఏడుస్తది. భుజం మీద వేసుకొని తిప్పి తిప్పి పడుకోబెడతా. ఇంత ఊపిరి వెచ్చగా తగిలింది కదా, చాలు అనుకుంటా. జెరసేపే.

మొన్న ఫోన్లో ఈ సంగతి ఆమెకు చెప్పిన. పకపకా నవ్వింది. "నన్ను చూసి చూసి నీకు అలవాటైపోయిందే. పిల్లనన్న పండనియ్యి," అన్నది. తర్వాత నవ్వకుండా అడిగింది: "ఇప్పుడు పండుకున్నదా? ఓసారి చూసి చెప్పు."

పోయి చూసి వచ్చి చెప్పిన.