నీకొక్కదానికే చెప్పిన మాట

మా మేనత్త వెంకటసుబ్బులమ్మ ఒట్టి కుళ్లుబోతు. ఆవిడ పోయి పదేళ్లయింది కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. గిద్దలూరు దగ్గర పల్లెకు కాపురానికి వెళ్లి మెట్టచేను, నాలుగు ఎనుములు, ఒక మొగుడు, అన్నిటినీ చేతికింద పెట్టుకున్న మనిషి. అందులో మొగుడొక్కడే పూర్తిగా చేతికింద ఉండలేదు. మాల్యాద్రి మామ పొద్దు వాలితే రోశమ్మ దుకాణం అరుగు మీద తేలేవాడు. రోశమ్మ మొగుడు పోయిన మనిషి. ఉప్పు, పప్పు, ఆముదం అమ్ముకుని బతికేది. వాళ్లిద్దరి మధ్య ఏముందో ఊరికి తెలియదు, నాకూ తెలియదు. అత్తకు మాత్రం తెలుసు, రుజువులతో పని లేకుండా.

1936లో, మనమింకా మద్రాసు కింద ఉన్నప్పుడు, మామ ఎడ్లను పక్కచేను బ్రహ్మం బందెలదొడ్డికి తోలాడు, తన పైరు మేశాయని. మూడో రోజు బ్రహ్మం జొన్నచొప్ప వామి తగలబడింది. మా వైపు చొప్ప వామి అంటే ఏడాది పొడుగునా పశువుల కూడు. ఆ సాయంత్రం మామ కుడి అరచెయ్యి కాలి ఇంటికి వచ్చాడు. అప్పటికే దానికి ఆముదం పూసి ఉంది. సంగటి ముద్ద ముందు కూర్చుని అత్తతో మెల్లగా అన్నాడు:

"వామికి నేనే నిప్పు పెట్టినా మే. నీకొక్కదానికే చెప్తున్నా."

పెళ్లయిన పద్నాలుగేళ్లలో ఆయన నోట అట్లాంటి మాట వినడం అత్తకు అదే మొదలు. వారం రోజులు ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. నీకు తెలియనిది నాకు తెలుసు అన్నట్టు రోశమ్మ దుకాణం ముందు మెడ తిప్పుకుని నడిచేది.

అంతలో మామ పొదిలి సంత నుంచి రెండు రవికగుడ్డలు తెచ్చాడు, ఒకటి ఇంటికి, ఒకటి దుకాణానికి. దుకాణానిది పూల గుడ్డ. అంతే, విచారణకు వచ్చిన పోలీసులను అత్త పిలిచి మరీ అంతా చెప్పేసింది. మొగుడు జైలుకు పోతే పోనీ, ఆ అరుగు మీద మాత్రం కూర్చోకూడదని ఆవిడ పట్టు.

మార్కాపురం కోర్టులో అత్త బోనెక్కి నోరు తెరవగానే మామ తరఫు ప్లీడరు లేచి అడ్డు చెప్పాడు. మేజిస్ట్రేటు ఒప్పుకున్నాడు. కాపురంలో మొగుడు పెళ్లానికి చెప్పుకున్న మాటను, ఆ మొగుడు సరేనంటే తప్ప, సాక్ష్యంగా వినకూడదట. కళ్లతో చూసింది ఉంటే చెప్పమన్నాడు. ఇంతమందిలో చట్టం తనను పెళ్లామని ఒప్పుకున్నందుకు అత్తకు లోపల సంబరమే. కానీ నోరు ఊరుకుంటేనా? కాలిన చెయ్యి చూశానంది. అడగకుండానే ఇంకొకటి కలిపింది.

"ఇంటికొచ్చేటప్పటికే ఆముదం పూసుండాది సామీ. మా ఇంట్లో ఆముదం లేదు. అది ఏ దుకాణానిదో ఊరంతా తెలుసు."

నాకు ఇప్పటికీ ఆవిడ మీద ఒళ్లు మండేది ఇక్కడే. అక్కడితో ఆగి ఉంటే కేసు కొట్టేసేవాళ్లని ప్లీడరే తర్వాత అన్నాడు. వాయిదా వేసి రోశమ్మకు సమన్లు పంపారు.

రోశమ్మ తల వంచుకుని వచ్చింది. తనను వదిలేయమని బతిమాలింది. ఆమె పెళ్లాం కాదు కాబట్టి ఆ చట్టం ఆమెను కాపాడదని, ప్రమాణం చేశాక చెప్పక తప్పదని అన్నారు. చెయ్యి కాల్చుకుని నేరుగా తన దుకాణానికే వచ్చినాడని, ఆముదం పూస్తుంటే సంగతి చెప్పినాడని అంది. ఏమని చెప్పాడో అదే మాటల్లో చెప్పమన్నారు.

"వామికి నేనే నిప్పు పెట్టినా మే, నీకొక్కదానికే చెప్తున్నా, అన్నాడు సామీ."

మామకు ఆరు నెలలు వేశారు. అత్త ఆ తీర్పు విన్నట్టే లేదు. తోడు వెళ్లిన మా నాయనను ఇంటిదాకా ఆవిడ అడిగింది ఒక్కటే, అయితే నాకంటే ముందు దానికి చెప్పినాడా అని. అసూయతో ఆవిడ మంచం పట్టింది కూడా.

శిక్ష ముగించుకుని వచ్చిన రోజు మామ గడపలోనే నిలబడి అన్నాడు:

"ఇంక ఏదున్నా నీకే చెప్తా మే. నీకు చెప్పింది కోర్టోళ్లు గూడా అడగరంట."

అత్త ఆయన కుడిచెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆముదం వాసన లేదు. లోపలికి రానిచ్చి సంగటి ముద్ద పెట్టింది.

"నాకు చెప్పడం కాదు," అంది. "ముందు చెప్పు."