ఆ చేపకు నెట్ పట్టిందెవరు?

దయ్యాల మాట వస్తే మా ఇంట్లో అందరికంటే ముందు నవ్వేది నేనే. ఆదివారం చర్చికి వెళ్తాను, ప్రార్థన చేసుకుంటాను, అంతే. మిగతా వారమంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పు ఎక్కడుందో వెతికే ఉద్యోగం. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతున్నాననే అనుకుంటున్నాను. కానీ నదిలో ఒక పొద్దున జరిగిన దానికి మాత్రం నాకు కారణం దొరకలేదు.

మేముండేది పరాయి దేశంలో, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఏజాక్స్ అనే ఊళ్లో. ఎండలు తగ్గేసరికి సాల్మన్ చేపలు సరస్సులోంచి మా ఊరి పక్క నదిలోకి ఎదురీదుతూ వస్తాయి. నా భార్య తమ్ముడు కిరణ్‌కి ఈ దేశం రాగానే ఆ చేపల పిచ్చి పట్టింది. నన్నూ లాగాడు. లైసెన్సులు తీసుకున్నాం, నీళ్లలో దిగడానికి ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు, అదే వేడర్స్, కొన్నాం. గాలాలు చెరొకటి. నెట్ మాత్రం ఒక్కటే.

ఆ నెట్ సంగతి కొంచెం చెప్పాలి. పొడుగు పిడి ఉన్న చేతివల అది. సాల్మన్ బరువైన చేప, గాలంతోనే పైకి ఎత్తబోతే తాడు తెగిపోతుంది. అందుకని ఒకరు గాలం పట్టుకుని చేపను అలసిపోనివ్వాలి. రెండోవాళ్లు పక్కన నిలబడి వలను ముందే నీళ్లలో ముంచి ఉంచాలి. చేప తల ముందుగా దాంట్లోకి రావాలి. వల పట్టుకుని దాని వెంటపడితే బెదిరిపోతుంది. గాలానికే రెండు చేతులూ కావాలి కాబట్టి మాలాంటి కొత్తవాళ్లకి ఒంటరిగా కుదిరే పని కాదు. ఎవరికి చేప పడితే వాళ్లు కేకేయాలి, రెండోవాళ్లు నెట్ తీసుకుని రావాలి. అదీ మా ఒప్పందం.

ముందురోజు వానకి నీళ్లు బాగా పెరిగాయి. నేను ఎగువన దిగాను, కిరణ్ దిగువన వంపు దగ్గర దిగాడు. మధ్యలో నీళ్లలోకి ఒరిగిన చెట్టు అడ్డం, ఒకరికొకరం కనిపించం. నెట్ ఆ చెట్టు మొదట్లో ఒడ్డున పెట్టాం.

కాసేపటికి నా గాలం విల్లులా వంగింది. "కిరణ్! నెట్!" అని అరిచాను. చేప దిగువకి లాగుతుంటే చెట్టు దాకా దాని వెంటే నడిచాను. అక్కడ కుడికాలు రెండు రాళ్ల మధ్య ఇరుక్కుంది. నీళ్లు నడుము దాటాయి. వెనక్కి తూలాను. నాకు ఈత రాదు. ఆ ప్రవాహంలో పడితే లేవలేనని అర్థమైంది.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఎవరో నా వేడర్స్ భుజం పట్టీని గట్టిగా పట్టుకున్నారు.

"కదలకు బావా. అదే వస్తుంది, రానీ."

కిరణ్ గొంతు. నా పక్కనుంచి నెట్ నీళ్లలోకి దిగింది. దాని పిడి పట్టుకున్న నీలం స్వెటర్ చెయ్యి చూశాను. చేప తల తిప్పి నేరుగా వలలోకి వచ్చేసింది. "నువ్వు కాలు తీసుకో, నేను ఒడ్డుకి పట్టుకెళ్తా," అన్నాడు. నేను వంగి, తంటాలు పడి కాలు విడిపించుకున్నాను.

ఒడ్డుకి చేరేసరికి నెట్ లోతులేని నీళ్లలో ఉంది, అందులో చేప కొట్టుకుంటోంది. కిరణ్ మాత్రం అక్కడ లేడు. దిగువ వంపు వైపునుంచి, గాలం చేతిలో పట్టుకుని, గడ్డం దాకా తడిసి నడిచి వస్తున్నాడు.

"థాంక్స్ బావా. నువ్వు పట్టుకోకపోతే ఈపాటికి పోయేవాణ్ణి," అన్నాడు.

నేను నవ్వాను. "జోకా? నన్ను పట్టుకుంది నువ్వు కదరా."

అతను నవ్వలేదు. "నేనెప్పుడొచ్చా బావా? నా రాడ్‌కి ఫిష్ పడింది, నెట్ అని అరిచా. లోతులో స్లిప్ అయ్యా. నువ్వే వెనకనుంచి పట్టుకుని 'కదలకు కిరణ్, అదే వస్తుంది' అన్నావ్. నీ గ్రే స్వెటర్ చూశా. నెట్ చేసింది నువ్వే."

ఆట పట్టిస్తున్న మనిషి ముఖం కాదది.

ఇద్దరం చేప మీదికి వంగాం. దాని నోట్లో రెండు కొక్కేలున్నాయి. ఎరగా కట్టిన గులాబీ పూస ఉన్నది నాది, ఆకుపచ్చ పూస ఉన్నది కిరణ్‌ది. ఒక తాడు నా గాలానికి, ఒక తాడు అతని గాలానికి. ఒకే చేప రెండు ఎరలూ మింగింది. అరుదే అయినా, జరగకూడనిదేం కాదు. కానీ అలా అయితే ఇద్దరి చేతుల్లోనూ గాలాలే ఉన్నాయి. మరి నెట్ ఎవరి చేతిలో ఉంది?

అవతలి ఒడ్డున ఒక తెల్లాయన పొద్దుటినుంచీ గాలం వేస్తున్నాడు. కిరణ్ అరిచి అడిగాడు, మా చేపకి నెట్ పట్టిందెవరో చూశారా అని. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు.

"మీరిద్దరేగా! పక్కపక్కనే నిలబడ్డారు. ఒకరు రాడ్, ఒకరు నెట్. చక్కగా పట్టారు," అన్నాడు ఇంగ్లీషులో.

ఎవరు రాడ్, ఎవరు నెట్ అని మళ్లీ అడిగితే ఆయన మమ్మల్ని వింతగా చూసి, అంత దూరంనుంచి ఎలా తెలుస్తుందన్నాడు. నాకు తెలిసి మేం పక్కపక్కన నిలబడనే లేదు.

పులుసుకి చేప తెస్తానని వాళ్లక్కకి మాటిచ్చి వచ్చిన కిరణే, "వదిలేద్దాం బావా" అన్నాడు. కొక్కేలు తీసి, చేప తేరుకునేదాకా నెట్‌ని నీళ్లలోనే పట్టుకుని వదిలేశాం. అప్పుడు మాత్రం పిడిని ఇద్దరం కలిసే పట్టుకున్నాం.

నా భార్య సునీత నర్సు. మమ్మల్ని విడివిడిగా కూర్చోబెట్టి అడిగింది. ఇద్దరం ఎవరి మాట మీద వాళ్లం నిలబడ్డాం. "చల్లనీళ్లకి, భయానికి మీ ఇద్దరికీ బుర్రలు పనిచేయలేదు," అని తేల్చేసింది. అయ్యుండొచ్చు. కానీ చేపతో సహా ఆ నెట్ ఒడ్డుకి ఎలా చేరిందని అడిగితే, ముందు తడిబట్టలు మార్చుకోమంది.

ఈమధ్య నాకు ఇంకో చిక్కు వచ్చిపడింది. ఆ పొద్దున్ని తలుచుకుంటే ఒక్కోసారి కిరణ్ వీపు కనిపిస్తోంది. తడిసిన నీలం స్వెటర్, నా గుప్పిట్లో అతని భుజం పట్టీ, రెండో చేతిలో నెట్ బరువు. అతను అన్నిసార్లు చెప్పడం వల్ల నా మనసు కల్పించుకున్నదో, నేను నిజంగానే పట్టుకున్నానో చెప్పలేను. నేనక్కడ ఉంటే, రాళ్లలో కాలు ఇరుక్కుని నిలబడ్డది ఎవరు?

అతనికీ నా వీపు గుర్తొస్తోందేమోనని కిరణ్‌ని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఇంతవరకూ అడగలేకపోయాను.