అసబె ఇంటి లోవాకిలి

శనివారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అసబె ముసుగు కప్పుకుని వీధిలోకి వచ్చేది. జారియా పాత ఊళ్లో పెళ్లయిన పిల్ల గడప దాటాలంటే భర్త ఒప్పుకోవాలి. ఆమె భర్త వారానికి ఆ ఒక్కసారికే ఒప్పుకున్నాడు.

మా ఆడపిల్లల సంఘం టీచరమ్మ రకియా ఇంట్లో జరిగేది. టోపీల మీద కుట్టుపని నేర్చుకునేవాళ్లం. కొంచెం చదివేవాళ్లం. ఎక్కువగా నవ్వేవాళ్లం.

అసబెకు కుట్టుపని మీద ధ్యాస లేదు. బట్టలకు రంగులద్దే గుంటల మీదుగా చుట్టు తిరిగి వచ్చేది.

"దగ్గరి దారుందిగా?" అని అడిగాను.

"ఉంది" అంది.

ఆ ఏడు వానలకు రకియా ఇంటి మట్టిగోడ ఒరిగిపోయింది.

"ఎవరింట్లోనైనా చోటుంటే చెప్పండి. లేకపోతే ఆపేద్దాం" అంది రకియా.

ఎవరూ తలెత్తలేదు. మా మగవాళ్లు మమ్మల్ని పంపడమే గొప్ప.

"మా లోవాకిలి పెద్దది. ఇంటాయన్ని అడుగుతా" అంది అసబె.

ఆయన వెంటనే సరేనన్నాడు. "మంచి పని. ఇక నువ్వు ఎండలో పడి నడవక్కర్లేదు."

వారానికున్న ఆ ఒక్క నడకా పోయిందని అప్పటికి గాని ఆమెకు తెలియలేదు.

మేం వచ్చాం, ముసుగులు తీసి కూర్చున్నాం. అప్పుడే సంఘంలో చేరిన కండె, ముందురోజు బజారులో ఒంటె కట్లు తెంపుకున్న కథ మొదలుపెట్టింది.

"ఏ వైపు పరిగెత్తింది?" అసబె నిలబడే అడిగింది.

"అసబే! వచ్చినవాళ్లకు జావ ఏదే?" అత్తగారి కేక.

ఆమె జావ తెచ్చేసరికి కథ అయిపోయింది.

"కూర్చోవే, మహారాణీ" అంది కండె.

"కూర్చుంటే నీకెవరు పోస్తారే?"

"నేనే పోసుకుంటా."

"మా అత్త చూసిందంటే నిన్నూ కోడలిగా తెచ్చుకుంటుంది, జాగ్రత్త."

అందరం నవ్వాం. అత్తగారు కూడా.

వానలు వెనకబట్టాక రకియా గోడ లేచింది. "ఇక మా ఇంటికి వచ్చేయండి" అంది.

అసబె చేతిలో గరిటె ఆగింది.

"నన్ను పంపరు మాలమా" అంది కండె టీచరమ్మతో. "పెద్దావిడ కనిపెట్టుకుని ఉండే ఇల్లని ఇక్కడికైతే సరేనన్నారు. మీరు ఒంటరివాళ్లని..." ఆపేసింది.

కొత్తగా చేరిన తక్కినవాళ్లూ తలలూపారు.

రకియా అసబె వైపు తిరిగింది. "ఇల్లు నీది. వద్దంటే వద్దు, ఎవరూ ఏమనుకోరు."

నీడలో వేరుశనగలు వలుస్తున్న అత్తగారు చేతులు ఆపింది. కండె టోపీని ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండా కూర్చుంది. సగం కుట్టిన టోపీ అది.

అసబె చాలాసేపు దాన్నే చూసింది.

"ఇక్కడే ఉండనీ" అంది.

మరుసటి శనివారం ఇంకో పిల్ల వచ్చింది. పెళ్లయ్యాక గడప దాటడం ఆమెకు అదే మొదలట. ముసుగు తీసి, ఆకాశం కేసి చూసి, గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"అబ్బ! బయటికొస్తే ఎంత హాయిగా ఉందో" అంది.

అసబె ఆమెకు చాప పరిచింది.