చేపముల్లు ఈటెకు సగం ధర

ఒసాకాలో మా వీధిలో ఎవరింటికెళ్ళినా చినత్సు చేతులు ఊరుకోవు. గొడుగో, ముల్లంగో, పరుపులు దులిపే బెత్తమో అందుకుని గాల్లో ఒక్కసారి ఝళిపించి చూడాల్సిందే. పిచ్చి కాదు, ఉద్యోగం. వీడియో గేముల్లో ఆయుధాలు తయారుచేసేది ఆవిడే.

కొత్త ఆటకి ఎన్ని రకాలు చేసిందో! చేపముల్లు ఈటె, ఆక్టోపస్ కొరడా, విసిరితే అలిగి తిరిగిరాని గొడ్డలి. తీరా చూస్తే, ఆట పరీక్షించేవాళ్ళంతా మొదట్లో ఇచ్చిన మొద్దుకత్తితోనే కానిచ్చేస్తున్నారు. మిగతావి సంచిలో దాచేస్తున్నారు.

"ఎందుకర్రా దాచడం?" అంటే, "బాగున్నాయక్కా! పెద్ద రాక్షసుడొచ్చినప్పుడు తీద్దామని" అన్నారు. పెద్ద రాక్షసుడు వచ్చాడు, చచ్చాడు. సంచి విప్పితే ఒట్టు.

పై అధికారి షిరాకవా తేల్చి చెప్పేశాడు. "వాడనివన్నీ ఎందుకమ్మా? శుక్రవారం దాకా చూస్తా. ఆ తర్వాత కత్తొక్కటే ఉంటుంది. నువ్వు ఆటలో కొండలమీద రాళ్ళు గీసుకో."

రాళ్ళు! చినత్సు ఇంటికొచ్చి ఏడుపు లంకించుకుంది. వాళ్ళమ్మ ఫుమియే వింటేనా! "ఏడుపు తర్వాత, ముందు నడు. సూపర్‌మార్కెట్లో స్టిక్కర్లేసే వేళయింది" అని లాక్కుపోయింది.

అమ్ముడుపోని వంటకాల మీద సగం ధర స్టిక్కర్లు అంటించే మనిషి బయటికి రాగానే, అప్పటిదాకా ఏమీ ఎరగనట్టు సోయా సీసాలు తిరగేస్తున్న అమ్మలక్కలంతా ఒక్కుమ్మడిగా మీదపడ్డారు. ఫుమియే మోచేతులు ఆడించి వేపుడు చేప సాధించుకొచ్చింది.

"అమ్మా, బీరువానిండా కొత్త తువ్వాళ్ళు దాచి చిరుగుది వాడతావు. దీనికింత యుద్ధమా?"

"తువ్వాలు రేపూ ఉంటుందే మొద్దూ! చేప ఉంటుందా?"

చినత్సు బుట్ట అక్కడే పడేసి ఆఫీసుకి పరిగెత్తింది.

మర్నాడు ఆటలో ఆయుధాల కొట్టొకటి వెలిసింది. పొద్దుగూకగానే కొట్టువాడు స్టిక్కరు అంటిస్తాడు: సగం ధర, తెల్లారితే కుళ్ళిపోతుంది. ఇంకేముంది! చేపముల్లు ఈటె కోసం ఆడేవాళ్ళంతా జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కొన్నది కొన్నట్టే ఎదురొచ్చిన దెయ్యానికల్లా గుచ్చేశారు.

శుక్రవారం షిరాకవా వచ్చి చూసి నోరు తెరిచాడు. తెరమీద వీరులంతా కొట్టు ముందు వరసకట్టి పొద్దెప్పుడు గూకుతుందా అని చూస్తున్నారు. పెద్ద రాక్షసుడు గుహలో ఒంటరిగా ఆవలిస్తున్నాడు.

"వాణ్ణెవరు చంపుతారే తల్లీ?"

చినత్సు కీబోర్డు దగ్గరికి లాక్కుంది. తర్వాత రాక్షసుడి నుదుటి మీద ఎర్రటి స్టిక్కరొకటి అతికించింది: ఈ పూటకి సగం బలమే.

వీరులు గుహ వైపు తిరిగేలోపే షిరాకవా పక్కన ఆడుతున్నవాడి చేతిలోని కంట్రోలరు లాక్కున్నాడు.

"జరగండర్రా, నేను ముందొచ్చాను! చినత్సూ, ఆ చేపముల్లు ఎక్కడమ్మా, తొందరగా!"